మాయ మధ్యలో వదిలిన పని

28వ వారంలో పుట్టిన బిడ్డ బరువు దాదాపు ఒక కిలో. నెలలు నిండేదాకా కడుపులోనే ఉండి ఉంటే మూడు కిలోలు దాటేది. ఆ పన్నెండు వారాల పెంపకం మాయ (ప్లాసెంటా) చూసుకునేది. ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. తల్లి రక్తంలోని ఆ ఆమ్లాలు వాటంతట అవే వచ్చి చేరేదాకా మాయ ఆగదు. శక్తి ఖర్చుపెట్టి మరీ వాటిని తోడి బిడ్డకు పంపుతుంది. అందుకే కడుపులోని బిడ్డ రక్తంలో అవి తల్లి రక్తంలో కన్నా చిక్కగా ఉంటాయి. కిలో బరువుకు రోజూ సుమారు 2 గ్రాముల కొత్త ప్రోటీన్ ఆ ఒంట్లో చేరుతుంటుంది. మెదడు, గుండె, పేగులు, కండరాలు అన్నీ దానితోనే తయారవుతాయి.

బొడ్డుతాడు కోయగానే ఈ సరఫరా ఆగిపోతుంది. కిలో బిడ్డకు దాచుకున్న కొవ్వు దాదాపు లేదు, ఒంట్లో ఎక్కువ భాగం నీరే. నరం ద్వారా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే, బిడ్డ శరీరం రోజూ కిలోకు గ్రాముకు పైగా సొంత ప్రోటీన్‌నే కరిగించుకుంటుంది. ఒకప్పుడు వైద్యులు అమైనో ఆమ్లాలు ఇవ్వడానికి కొన్ని రోజులు ఆగేవారు. లేత మూత్రపిండాలు, కాలేయం తట్టుకోలేవేమోనని వాళ్ల భయం. ఆనాటి ద్రావణాలను బట్టి చూస్తే అది అర్థం లేని భయమేమీ కాదు. ఇప్పుడు మొదటి రోజే మొదలుపెడతారు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం తొలిరోజు కిలోకు కనీసం 1.5 గ్రాములు, రెండో రోజు నుంచి 2.5 – 3.5 గ్రాములు.

తర్వాత పాల వంతు వస్తుంది. చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒకదానితో ఒకటి కుదరడానికి గర్భం లెక్కలో 32 – 34 వారాలు రావాలి కాబట్టి అంతవరకు ట్యూబుతోనే. అన్నిటికన్నా మేలైనవి తల్లిపాలు. నెలలు నిండని పిల్లల ప్రాణాలు తీసే పేగు జబ్బు, నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, తల్లిపాలు తాగే పిల్లల్లో తక్కువ. డబ్బా పాలకు ఆ రక్షణ లేదు.

అయినా ఒక చిక్కుంది. ముందుగా కన్న తల్లి పాలలో తొలి వారాల్లో ప్రోటీన్ కాస్త ఎక్కువే. రోజులు గడిచేకొద్దీ తగ్గి 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము దగ్గరికి వస్తుంది. కిలో బిడ్డకు రోజుకు 160 మిల్లీలీటర్లు పట్టారనుకుందాం. అందులో ప్రోటీన్ 1.6 గ్రాములు. బిడ్డకు కావలసింది 3.5 నుంచి 4 గ్రాములు, కొందరికి 4.5 దాకా. సగం కూడా అందలేదు. పాలు ఇంకా పెంచుదామంటే ఆ పొట్ట పట్టదు. అందుకే పిండిన పాలలో ఫోర్టిఫయర్ అనే పొడి కలుపుతారు. దానిలో ప్రోటీన్‌తో పాటు ఎముకలకు కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్ కూడా ఉంటాయి. ఈ మాట వినగానే చాలామంది తల్లులు తమ పాలలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతారు. ఆ పాలు నెలలు నిండిన బిడ్డకు సరిగ్గా సరిపోయే పాలు. ఈ బిడ్డ ఇంకా మాయ దగ్గర ఉండాల్సిన వయసులో ఉంది, అంతే తేడా. పాలు పిండడం మానకూడదు. పొడి ఎంత కలపాలన్నది మాత్రం వైద్యులే చెప్పాలి.

ప్రోటీన్ ఒంటికి పట్టాలంటే తగినన్ని కేలరీలు కూడా తోడుండాలి. అవి చాలకపోతే శరీరం ప్రోటీన్‌నే ఇంధనంగా మండించేస్తుంది.

మరి ఇంకాస్త ఎక్కువ ఇస్తే? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 8 ఆసుపత్రుల్లో కిలో లోపు బరువుతో పుట్టిన 434 మంది పిల్లలపై ఇదే పరీక్షించారు. ఒక వర్గానికి తొలి 5 రోజులు మామూలు పోషణ మీద రోజుకు అదనంగా ఒక గ్రాము అమైనో ఆమ్లాలు ఎక్కించారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ల వయసులో చూస్తే, వైకల్యం లేకుండా బతికిన వారి సంఖ్య పెరగలేదు. పైగా రీఫీడింగ్ సిండ్రోమ్ ఎక్కువమందిలో కనిపించింది. అందులో జరిగేది ఇది: అమైనో ఆమ్లాలు అందగానే కణాలు పెరుగుదల మొదలుపెట్టి, రక్తంలోని ఫాస్ఫేట్‌ను, పొటాషియంను లోపలికి లాగేసుకుంటాయి. రక్తంలో అవి పడిపోతే ఊపిరి తీసుకునే కండరాలు, గుండె బలహీనపడతాయి. ఇటుకలు కుప్పలుగా తెచ్చిపోసినా సున్నం లేకపోతే గోడ లేవదు. ఈ అధ్యయనం చూశాక నాకు అమైనో ఆమ్లాల మోతాదు ఎంత ముఖ్యమో, వాటితో పాటు ఖనిజాలు చూసుకోవడమూ అంతే ముఖ్యమనిపించింది.

ఎన్ఐసీయూ (పసికందుల ఇంటెన్సివ్ కేర్) బయట కూర్చున్న ప్రతి అమ్మా, నాన్నా రోజూ అడిగేది ఒకటే: “ఇవాళ ఎన్ని గ్రాములు పెరిగింది?” కానీ ఒంట్లో నీరు చేరినా బరువు పెరుగుతుంది, కొవ్వు చేరినా పెరుగుతుంది. నెలలు నిండక పుట్టిన పిల్లలు ప్రసవం కావలసిన తేదీకి చేరేసరికి, నెలలు నిండి పుట్టిన పిల్లలతో పోలిస్తే వాళ్ల ఒంట్లో కొవ్వు వంతు ఎక్కువగా, కండ తక్కువగా ఉంటుంది. కండ ఎంత పెరుగుతోందో పొడవు చెబుతుంది. మెదడు ఎదుగుదల గురించి తల చుట్టుకొలత చెబుతుంది. కాబట్టి ఆ రెండూ అడగండి. పొడవు సరిగ్గా తీయాలంటే కొలత పలక కావాలి, ఒకరు తల పట్టుకుంటే మరొకరు కాళ్లు మెల్లగా చాపాలి. వారానికి ఒక్కసారి చేస్తే చాలు.