తెజుకా గురించి మా క్లాసులో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో యానిమేషన్‌కి స్టోరీబోర్డులు వేసి బతుకుతాను. ఆదివారాలు ఓ పదిమందికి కామిక్స్ వేయడం నేర్పుతాను. అందరూ బీటెక్ చదువుతూ రాత్రంతా అనిమే (జపాన్ యానిమేషన్) చూసి పొద్దున క్లాసులో కునికిపాట్లు పడే బాపతు. జపాన్ కామిక్స్ (వాళ్ళ మాటలో మాంగా) గీసిన ఒసాము తెజుకా పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు "మాంగా దేవుడు కదా సార్" అంటారు. జపాన్‌లో ఆయన్ని అలా పిలిచే మాట నిజమే. కానీ దాని వెనకాల వరసగా వచ్చేవన్నీ సగం సగం నిజాలు. వాటిని సరిచేసీ చేసీ నోరు నొప్పెట్టి, ఒకసారి రాసి పడేస్తే లింకు పంపొచ్చు కదా అని కూర్చున్నాను.

అపోహ: మాంగాని కనిపెట్టింది తెజుకాయే.

కాదు. హొకుసాయ్ అనే చిత్రకారుడు తన స్కెచ్ పుస్తకాలకి 1814లోనే ఆ పేరు పెట్టుకున్నాడు. తెజుకా పుట్టింది 1928 నవంబర్ 3న. ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే 'నొరాకురో' అని, సైన్యంలో చేరిన ఓ వీధికుక్క బొమ్మల కథ దేశమంతా చదివేవారు. మన తెజుకా కూడా దాన్ని చూసి గీసుకుంటూ చెయ్యి తిప్పుకున్నవాడే. ఆయన చేసింది వేరు. యుద్ధం అయిపోయాక, ఒసాకాలో చవక కాగితం మీద అచ్చయ్యే పిల్లల పుస్తకాల్లో, 1947లో 'షిన్ తకరాజిమా' అని ఓ పుస్తకం వేశాడు. కథ సకాయ్ షిచిమాది, బొమ్మలు తెజుకావి. నాలుగు లక్షల కాపీలు అమ్ముడయిందని చెప్తారు. అప్పటికి ఆయనకి 18 ఏళ్ళు.

దాని మొదటి పేజీల గురించి మా వాళ్ళకి గంటసేపు చెప్తాను. ఓ కుర్రాడు కారు వేసుకుని రేవుకి బయల్దేరాడు, అంతే విషయం. మామూలుగా అయితే ఒక్క ప్యానెల్‌లో కారు గీసి కింద "పీట్ రేవుకు వెళ్ళాడు" అని రాసేస్తాం. ఈయన దానికి పేజీలు ఖర్చు పెట్టాడు. కారు ఓసారి దూరంగా కనపడుతుంది, ఓసారి కుర్రాడి మొహం దగ్గరగా, ఓసారి కారు మన మీదికే వస్తున్నట్టు. మాటలు దాదాపు లేవు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న చాలామంది మాంగా కళాకారులు చిన్నప్పుడు ఆ పేజీలు చూసి మతిపోయిందని చెప్పుకున్నారు.

ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది. ఆ రోజుల్లో ఆ చవక పుస్తకాలకి ఆర్టిస్టు గీసిన గీత నేరుగా అచ్చుకి పోదు, ప్రెస్సులో పనివాడు దాన్ని మళ్ళీ గీసేవాడు. పైగా సకాయ్ కూడా మార్పులు చేశాడు. ఆ కోపం తెజుకాకి చాలా ఏళ్ళు పోలేదు, 1984లో తన సమగ్ర రచనల కోసం పుస్తకం మొత్తం మళ్ళీ గీశాడు. అసలు 1947 ప్రతి మళ్ళీ అచ్చయింది 2009లో. కాబట్టి "చూడండి, 1947లోనే ఎంత సినిమా కట్టింగ్ ఉందో" అని ఎవరైనా పేజీ చూపిస్తే, అది ఏ ఏడాది పేజీయో ముందు అడగండి. 55 ఏళ్ళ చెయ్యితిరిగిన మనిషి గీసింది చూసి 18 ఏళ్ళ కుర్రాణ్ణి మెచ్చుకుంటున్నారేమో!

అపోహ: పెద్ద పెద్ద కళ్ళు డిస్నీ దగ్గర కొట్టేశాడు.

డిస్నీ పిచ్చి ఉన్నమాట వాస్తవం, ఆయనే దాచుకోలేదు. ఇంట్లో నాన్న దగ్గర చిన్న ప్రొజెక్టర్ ఉండేది, కార్టూన్లు దానిమీదే చూశాడు. 'బాంబి' సినిమా ఎనభైసార్ల పైన చూశానని చెప్పుకునేవాడు. కానీ ఆయన పెరిగిన ఊరు తకరాజుకా. అక్కడ అందరూ ఆడవాళ్ళే ఉండే నాటక సంస్థ ఉంది, మగ వేషాలు కూడా వాళ్ళే కడతారు. వాళ్ళమ్మ చేయి పట్టుకుని తీసుకెళ్ళేది. స్టేజీ లైట్లు పడి మెరిసే కళ్ళు, దట్టమైన కాటుక, చివరి వరసవాడికి కూడా కనపడాలని వేసే మేకప్. 1953లో మొదలుపెట్టిన 'ప్రిన్సెస్ నైట్' తీసి చూడండి, రాకుమారుడిలా పెరిగే రాకుమారి కథ. ఆ కళ్ళల్లో మెరుపు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. అదీ కాక, యుద్ధానికి ముందే ఆడపిల్లల పత్రికల్లో జున్‌ఇచి నకహరా వేసిన పెద్ద కళ్ళ అమ్మాయిలు ఉన్నారు. మూడు నాలుగు చోట్ల నుంచి వచ్చి కలిసిన కళ్ళవి.

అన్నట్టు పేరు కూడా అంతే. అసలు పేరు 'ఒసాము', వాళ్ళ లిపిలో అది ఒక్క అక్షరం. పురుగుల పిచ్చితో దాని పక్కన 'పురుగు' అనే అక్షరం చేర్చుకున్నాడు. 'ఒసాముషి' అని అక్కడ ఓ పెంకుపురుగు ఉంటుంది, దాని పేరుకి దగ్గరగా ఉంటుందని.

అపోహ: పెద్ద డాక్టరు, ప్రాక్టీస్ మానేసి మాంగాలోకి వచ్చాడు.

ప్రాక్టీస్ పెడితే కదా మానేయడానికి! వైద్యం చదువుతున్నప్పుడే పత్రికలకి గీస్తున్నాడు, మొదటి కామిక్ స్ట్రిప్ 1946 జనవరిలోనే వచ్చింది. ఏం చేయమంటావని అమ్మని అడిగితే నీకిష్టమైంది చెయ్యమందట. మన ఇళ్ళల్లో మెడిసిన్ సీటు వచ్చినవాడు ఆ ప్రశ్న అడిగితే ఏం జరుగుతుందో మీ ఊహకే వదిలేస్తున్నా. చదువు మాత్రం వదల్లేదు, 1951లో ఒసాకాలో పూర్తిచేశాడు, తర్వాత లైసెన్సు పరీక్ష పాసయ్యాడు. 1961లో నారా వైద్య కళాశాల నుంచి డాక్టరేట్ కూడా తెచ్చుకున్నాడు. విషయం ఏంటనుకున్నారు? నత్తల వీర్యకణాలు. ఆ చదువంతా 1973లో 'బ్లాక్ జాక్'లోకి వచ్చింది, లైసెన్సు లేని సర్జన్ కథ.

అపోహ: ఆయనకి పోటీయే లేదు, ఎవరినీ లెక్కచేసేవాడు కాదు.

నాకు బాగా ఇష్టమైన అపోహ ఇది, ఎందుకంటే నిజం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆ మనిషికి ఉన్నంత ఈర్ష్య ఇంకొకరికి ఉందో లేదో. జపాన్‌లో అప్పట్లో అద్దె పుస్తకాల షాపులు ఉండేవి, మన దగ్గర డిటెక్టివ్ నవలలు రోజుకింత అని అద్దెకి తెచ్చుకున్నాం చూడండి, అలాంటివే. వాటికోసం గీసే కుర్రాళ్ళు పిల్లల కథలు మాకొద్దని, కాస్త ముదురు కథలు మొదలుపెట్టారు. యొషిహిరో తత్సుమి 1957లో దానికి 'గెకిగా' అని పేరు పెట్టాడు. గుండ్రని గీతలు పోయి గరుకు గీతలు వచ్చాయి. తెజుకా దగ్గర పనిచేసే అసిస్టెంట్లే అవి అద్దెకి తెచ్చుకుని చదువుతుంటే ఈయనకి ఎక్కడలేని టెన్షన్, ఆరోగ్యం మీదికి తెచ్చుకున్నాడు. 1964లో 'గారో' పత్రిక వచ్చి అందరూ దాని గురించే మాట్లాడుకుంటుంటే, 1967లో పోటీగా 'కామ్' అని సొంత పత్రిక పెట్టాడు.

ఆ పత్రికలోనే ఇషినొమొరి అనే కుర్రాడు మాటలు దాదాపు లేకుండా 'జున్' అని ఓ ప్రయోగం చేస్తున్నాడు. తెజుకాని చూసి పెరిగినవాడే. అది మాంగానే కాదని తెజుకా అన్న మాట ఇషినొమొరి చెవిన పడింది, మనసు విరిగి సీరియల్ ఆపేస్తానన్నాడు. అప్పుడు తెజుకా తనే అతని ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాడు. అంత పేరున్నవాడు, తన పత్రికలో గీసే చిన్నవాడి గుమ్మంలో నిలబడి! ఈర్ష్య పడ్డ ప్రతిసారీ ఆ ఎదుటివాడి పని నేర్చుకున్నాడు కూడా. రోబో కుర్రాడి కథ, 1950ల 'ఆస్ట్రో బాయ్' పక్కన 1983లో మొదలైన 'అడాల్ఫ్' పెట్టి చూడండి, గీతలో గరుకు, నీడలు, పెద్దవాళ్ళ కథ. గెకిగా వాళ్ళ మీద పడ్డ కుళ్ళంతా అందులో కనపడుతుంది.

అపోహ: మొదటి అనిమే ఆయనదే, ఇవాళ అక్కడి ఆర్టిస్టుల తక్కువ జీతాలకి కారణం కూడా ఆయనే.

మొదటి సగం తప్పు. 1945లో, నగరం సగం కాలిపోయి ఉన్న ఒసాకాలో, నేవీ తీయించిన 'మొమోతారో' యానిమేషన్ సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకున్నది ఈయనే. రెండో సగం మాత్రం నా పొట్టకూటికి సంబంధించింది కాబట్టి నిలబడి వాదిస్తాను. 1963 జనవరి 1న 'ఆస్ట్రో బాయ్' టీవీలో మొదలైంది. వారానికో అరగంట. సెకనుకి 24 ఫ్రేములుంటే ఒక్కో బొమ్మని మూడు ఫ్రేముల పాటు నిలిపేవారు, మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదిలేది, వాడిన బొమ్మలు దాచిపెట్టి మళ్ళీ వాడేవారు. ఎపిసోడ్‌ని ఖర్చుకంటే తక్కువకే అమ్మి, చాక్లెట్లతో ఇచ్చే స్టిక్కర్ల లాంటివాటి మీద ఆ లోటు పూడ్చుకున్నాడు. ఆ పద్ధతి రేట్లని కిందికి లాగిందని అనిమే దర్శకుడు మియజాకి 1989లో గట్టిగానే అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ తెజుకా పెట్టిన కంపెనీ 1973లో దివాలా తీసింది, ఆ తర్వాత యాభై ఏళ్ళు రేట్లు పెంచకుండా ఉన్నవాళ్ళందరూ చచ్చిపోయిన మనిషి మీద తోసేయడం ఏం న్యాయం? నా మొదటి ఉద్యోగంలో ఒకే నడకని పద్నాలుగు సీన్లలో వాడించారు, వాళ్ళు తెజుకా పేరు కూడా విని ఉండరు.

'లయన్ కింగ్' గురించి అడక్కండి. తెజుకా గీసిన 'కింబా' అనే తెల్ల సింహం కథతో పోలికలున్నాయి, డిస్నీ ఒప్పుకోలేదు, తెజుకా వాళ్ళు కేసు వేయలేదు. అయిపోయింది.

అపోహ: 'బుద్ధ' అంటే బుద్ధుడి జీవితచరిత్ర, అమ్మమ్మకి కొనిచ్చేయొచ్చు.

మా స్టూడెంట్ ఒకడు నిజంగానే కొనిచ్చాడు, ఇంగ్లీషు ప్రతి. 1972 నుంచి 1983 దాకా సాగిన ఆ కథలో మొదటి సంపుటం దాదాపు అంతా చప్ర అనే బానిస కుర్రాడిది, జంతువుల్లోకి పరకాయ ప్రవేశం చేసే తత్త అనే పిల్లదొంగది. ఇద్దరూ తెజుకా కల్పించినవాళ్ళే. కానీ మొదట్లో వచ్చే కుందేలు కథ మనకి బాగా తెలిసినదే, శశ జాతకం. మంచులో ముసలాయన పడిపోయి ఉంటాడు, ఎలుగుబంటి చేప తెస్తుంది, నక్క పళ్ళు తెస్తుంది, కుందేలుకి ఏమీ దొరకదు. మంట వేయమని సైగ చేసి, అందులో దూకేస్తుంది. మాటల్లేకుండా బొమ్మల్లోనే నడిచిపోతుంది. అమ్మమ్మ ఆ పేజీల దగ్గర ఆగి, మిగతాది చదవనందట.

అపోహ: లక్షన్నర పేజీలు ఒంటిచేత్తో గీశాడు.

లెక్క దాదాపు అంతే చెప్తారు, ఒంటిచేత్తో కాదు. అసిస్టెంట్లు ఉండేవారు, పేజీల కోసం ఎడిటర్లు ఇంట్లోనే కాపలా కూర్చునేవారు. కానీ కథ, ప్యానెళ్ళ అమరిక, మనుషుల మొహాలు ఆయన చెయ్యే. 1989 ఫిబ్రవరి 9న కడుపు క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనకి అరవై. ఆస్పత్రి మంచం మీద కూడా గీస్తూనే ఉన్నాడు. 'నియో ఫౌస్ట్' చివరి పేజీలు ఇంకు పడకుండా పెన్సిల్ గీతల్లోనే ఉండిపోయాయి.