500 డాలర్ల రైఫిలూ, 2,000 డాలర్ల రైఫిలూ

టెక్సస్‌లో ఏ తుపాకీ దుకాణంలోకి వెళ్లినా గోడ పొడవునా ఒకే పోలికతో నల్లటి రైఫిళ్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో చాలా భాగం ఏఆర్‌-15 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కుటుంబానివే. ఒకదాని ధర సుమారు 500 డాలర్లు, పక్కనే ఉన్నదానిది 2,000 పైమాటే. చూపులకు రెండూ కవల పిల్లలు. 1977లో అసలు పేటెంటు గడువు తీరిపోయింది కాబట్టి పనిముట్లున్న ఎవరైనా వీటిని తయారు చేయవచ్చు. చేస్తున్నారు కూడా. నాలుగింతల ధర పేరుకూ, పై మెరుగులకే అని కొట్టిపారేసేవారున్నారు. అందులో కొంత నిజముంది. మిగిలినది లోహశాస్త్రం.

మన దేశంలో సామాన్య పౌరుడికి ఈ బేరం ఎదురుకాదు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని నియమాలు ఇటువంటి సైనిక తరహా రైఫిళ్లను అతనికి అందనివ్వవు. అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో కూడా హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఆ అడ్డు తొలగుతుంది. అయినా కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల ఆంక్షలు వేరే ఉన్నాయి.

సెమీ ఆటోమేటిక్ అంటే మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేలుతుంది. ఖాళీ డొల్లను బయటికి విసిరి, తర్వాతి తూటాను ఎక్కించే పని మాత్రం రైఫిలే చూసుకుంటుంది. ఏఆర్‌-15లో ఆ పనికి కావలసిన బలం గొట్టంలోంచి వెనక్కి మళ్లించిన వేడి వాయువు నుంచి వస్తుంది. ఈ రైఫిల్లో వాడే .223 రెమింగ్టన్ తూటా పేలినప్పుడు, అది కూర్చునే ఛాంబరు అనే అరలో ఒత్తిడి చదరపు అంగుళానికి 55,000 పౌండ్ల దాకా పెరగవచ్చు. వాతావరణ పీడనానికి అది సుమారు 3,700 రెట్లు. ఆ క్షణంలో ఛాంబరు తలుపును మూసి పట్టుకునేది బోల్టు అనే చిన్న ఉక్కు ముక్క, దాని కొసన ఉండే ఏడు పళ్లు. వేల సార్లు ఆ దెబ్బ తిన్నాక అలసిపోయిన ఉక్కులో పగులు పుడుతుంది. పుట్టే చోట్లు కూడా తెలిసినవే: ఆ పళ్ల మొదళ్లు, బోల్టుకు అడ్డంగా ఉన్న రంధ్రం.

నా దృష్టిలో మొదట డబ్బు పెట్టవలసింది ఇక్కడే. సైనిక ప్రమాణం ప్రకారం బోల్టును కార్పెంటర్ 158 అనే ఉక్కుతో చేస్తారు. దాని మీద సన్నటి గుళ్లను వేగంగా కురిపిస్తారు. ఆ దెబ్బలకు పైపొర లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి పగులు నోరు తెరవడం కష్టమవుతుంది. ఆ తర్వాత మామూలు కంటే ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటాను పేల్చి చూస్తారు. చివరిది అయస్కాంత పరీక్ష. బోల్టును అయస్కాంతంగా మార్చి, మెరిసే ఇనుప రజను ఉన్న ద్రవాన్ని దాని మీద పోస్తారు. పగులున్న చోట అయస్కాంత క్షేత్రం బయటికి పొంగి రజనును లాక్కుంటుంది. అతినీలలోహిత కాంతిలో చూస్తే కంటికి కనిపించని పగులు కూడా వెలుగు గీతలా తేలుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూడటం లాంటిదే ఇది కూడా. వస్తువు చెడకుండా లోపలి సంగతి బయటపెడుతుంది. ఇంత చేసినా కంటికి మిగిలేది 'ఎంపీ' అనే రెండక్షరాల ముద్ర ఒక్కటే. అన్ని బోల్టులనూ పరీక్షించారా, లేక ఒక మోపులోంచి కొన్నింటినే తీసి చూశారా అన్నది ఆ ముద్ర చెప్పదు. అమ్మేవాడిని ఆ ప్రశ్న అడగాలి. సమాధానం నసిగితే నా మటుకు నేను ఆ రైఫిల్‌ను గోడకే వదిలేస్తాను. యూరప్‌లో చాలా దేశాల్లో ప్రతి తుపాకీనీ చట్టబద్ధమైన పరీక్షాశాల పేల్చి చూసి ముద్ర వేయాలి. అమెరికాలో అలాంటి చట్టం లేదు.

ఇక గొట్టం. ప్రకటనల్లో కనిపించే 4150, 4140 ఉక్కు రకాల పేర్లు. చివరి రెండంకెలు కర్బన శాతాన్ని తెలుపుతాయి: 0.50, 0.40. కొద్దిగా ఎక్కువ కర్బనమున్న 4150 వేడికీ అరుగుదలకూ మెరుగ్గా నిలుస్తుంది. అయితే ఎప్పుడో ఒకసారి కాల్చే మనిషికి ఆ తేడా అనుభవంలోకి రావడం కష్టం. లోపలి పూత విషయం అలా కాదు, దాని వెనక చేదు చరిత్ర ఉంది. వియత్నాం యుద్ధంలోకి వెళ్లిన తొలి ఎం16 (ఏఆర్‌-15 సైనిక రూపం) రైఫిళ్ల ఛాంబర్లకు క్రోమ్ పూత లేదు. ఆ తేమకు తుప్పు గుంటలు పడి ఖాళీ డొల్లలు లోపలే ఇరుక్కునేవి. పైగా అసలు రూపకల్పనకు వాడిన తుపాకీ మందు రకాన్ని మార్చేశారు. శుభ్రం చేసే సామగ్రి సైనికులకు సరిగా అందలేదు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ రోజుల్లోనే ఛాంబరు క్రోమ్ పూత ఎం16ఏ1 అనే తర్వాతి రకంలో స్థిరపడింది. క్రోమ్‌కూ ఓ లోపముంది: పూత మందం అంతటా ఒకేలా రాకపోతే గురి కాస్త చెదురుతుంది. అందుకే గురి పోటీల వాళ్లు స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాలను ఇష్టపడతారు. ఉక్కు ఉపరితలంలోకే నైట్రోజన్‌ను ఎక్కించి గట్టిపరిచే నైట్రైడింగ్ ఈ రెండింటికీ మధ్య దారి.

గుండును గిరగిరా తిప్పే, గొట్టం లోపలి మెలికల లెక్క కూడా చూసుకోవాలి. తొలి ఏఆర్‌-15లో గుండు 14 అంగుళాల ప్రయాణానికి ఒకసారి తిరిగేది. గడ్డకట్టే చలిలో పరీక్షిస్తే, చిక్కబడిన గాలిలో ఆ తిరుగుడు చాలక గుండు తూలింది. దాంతో 12 అంగుళాలకు మార్చారు. ఇంకా పొడవైన గుండ్లకు మరింత వేగంగా తిప్పాలి కాబట్టి ఎం16ఏ2లో అది 7 అంగుళాలకు దిగింది. మనం కాల్చబోయే గుండు ఎంత పొడవో తెలియకుండా 'ఏడు మంచిదా, తొమ్మిది మంచిదా' అని వాదించడం దండగ.

ప్రకటనల్లో నేను అన్నిటికంటే తక్కువగా నమ్మేది గురి హామీని. '100 గజాల దూరంలో అంగుళం లోపు గుంపు' అంటారు. ఎన్ని తూటాల గుంపు? సాధారణంగా మూడింటిది. గుంపు వెడల్పు అంటే అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య కొలత కాబట్టి, తూటాలు పెరిగే కొద్దీ అది పెరగక తప్పదు. మూడు తూటాలకు సగటున అంగుళం వచ్చే రైఫిలే పది తూటాలకు సగటున అంగుళమున్నర దాటుతుంది. రైఫిల్ మారలేదు, లెక్క మారింది. అదీ కాక మూడు తూటాల గుంపులు ఒకదానికొకటి విపరీతంగా తేడాగా వస్తాయి. అదే రైఫిల్‌తో అలాంటి గుంపులు పది కాలిస్తే, వాటిలో అరంగుళానిది ఒకటి దొరకడం వింతేమీ కాదు. ఫొటోకెక్కేది అదే. తూటా రకం మార్చినా గుంపు సగానికి తగ్గవచ్చు. నిజంగా పోల్చాలంటే ఒకే రకం తూటాలతో కనీసం పదేసి కాల్చి, గుంపు కేంద్రం నుంచి ప్రతి రంధ్రం దూరం కొలిచి సగటు తీయాలి. ఈ పద్ధతిలో ఒక్క రంధ్రం కొలత కూడా వృథా పోదు.

దుకాణంలో కంటితో చూసి తేల్చుకోగలిగేవి కొన్ని లేకపోలేదు. బోల్టును మోసే క్యారియర్ పైన రెండు మరలతో బిగించిన, వాయువును అందుకునే చిన్న గొట్టం ఉంటుంది. మరలు వదులు కాకుండా పక్కనున్న లోహాన్ని వాటి మీదికి నొక్కి ఉంచాలి. అది బలహీనంగా ఉంటే వాయువు కారిపోతుంది, రైఫిల్ మొరాయిస్తుంది. ఛాంబరు .223దా, 5.56దా అన్నది సాధారణంగా గొట్టం మీదే రాసి ఉంటుంది. సైనిక 5.56 తూటాను .223 ఛాంబరులో పేలిస్తే ఒత్తిడి హద్దు దాటవచ్చు.

ధర లెక్కలో తూటాలను ఎవరూ కలపరు. ఒక్కోటి అర డాలరు అనుకుంటే 5,000 తూటాలకు 2,500 డాలర్లు, అంటే ఖరీదైన రైఫిల్ కంటే ఎక్కువ. ఏడాదికి రెండు వందలు కాల్చేవాడికి ఆ సంఖ్య చేరేసరికి పాతికేళ్లు పడుతుంది. అతనికి 2,000 డాలర్ల రైఫిల్ చూపగలిగే మన్నిక అవసరమే పడదు. శిక్షణ తరగతుల్లో ఏటా వేలల్లో కాల్చేవాడికి మాత్రం చవక బోల్టు త్వరలోనే బిల్లు పంపుతుంది. నడిమి ధరలో, బోల్టుకూ గొట్టానికీ ఏ ఉక్కు వాడారో, ఏ పరీక్షలు చేశారో స్పష్టంగా రాసిచ్చే రైఫిలే నాకు లాభసాటిగా తోస్తుంది. పిడి, ముందుపట్టు, మీట వంటివి తర్వాతైనా ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు.