వింటేజ్ గుర్తింపు: అంబాసిడర్‌కు వయసుంది, మారుతి 800కు అసలు రూపముంది

కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇచ్చే ఏర్పాటు చేసింది. కొత్తగా రిజిస్టర్ చేయించుకుంటే రుసుము రూ.20,000, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే తప్ప రోజువారీ పనులకు ఆ బండిని తిప్పకూడదు. వయసొక్కటే చాలదు, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. విజయవాడ, గుంటూరుల్లో పాత కారును కాపాడుకుంటున్నవారికి చిక్కొచ్చేది ఈ రెండో షరతు దగ్గరే.

అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో, బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేయడం మొదలుపెట్టింది. అది లైసెన్సుల కాలం, అంటే ఫ్యాక్టరీ ఎన్ని కార్లు తయారుచేయాలో ప్రభుత్వమే లైసెన్సులిచ్చి నిర్ణయించేది. కొత్త కారు కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది కాబట్టి, చేతిలో ఉన్నదాన్ని ఎలాగోలా నడిపించుకోవడమే తెలివైన పని. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బాగా తాగేది, డీజిల్ చవక. దాంతో పెట్రోల్ ఇంజన్ దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించడం దేశమంతటా మామూలైపోయింది. లారీలకు బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, వెల్డింగ్, బోరింగ్ పనులు అన్నీ ఒక్కచోటే దొరికే విజయవాడ ఆటోనగర్‌లో ఇది వింతేమీ కాదు. ఇంజన్ మౌంటింగులను కోసి కొత్తవి అతికించేవారు, స్టీరింగ్ పక్కనుండే హ్యాండిల్ గేరును తీసి కింద గేరు రాడ్డు పెట్టేవారు. ఆ పనితనం లేకపోతే చాలా అంబాసిడర్లు ఎప్పుడో తుక్కు కింద పోయేవి. తీరా ఇప్పుడు ఆ పనితనమే గుర్తింపుకు అడ్డొస్తోంది.

మారుతి 800 కథ వేరు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలను దాని యజమానికి అందించారు. అప్పటి ధర సుమారు రూ.47,500. సుజుకి సాంకేతికతతో వచ్చిన 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. లాగేవి ముందు చక్రాలే. 1986లో బాడీ మారింది గానీ ఇంజన్ సైజు మారలేదు. విడిభాగాలు ఎక్కడపడితే అక్కడ దొరికేవి, మైలేజీ కూడా బాగుండేది, అందువల్ల ఇంజన్ మార్చాలన్న ఆలోచనే చాలామందికి రాలేదు. గ్యాస్ కిట్లు బిగించినవాటిని మినహాయిస్తే, ఈ కార్లు చాలావరకు ఫ్యాక్టరీ రూపంలోనే మిగిలాయి.

రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది: మారుతి 800 జనవరిలో, అంబాసిడర్ మే నెలలో. కానీ నిబంధన ప్రకారం తొలినాటి మారుతికి కూడా 2033 చివరి దాకా వింటేజ్ అర్హత రాదు. అప్పటివరకు అయిదేళ్లకోసారి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువలే దిక్కు. 15 ఏళ్లు దాటిన కారుకు ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000కు, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో రూ.10,000కు పెరిగింది. 1970లకు ముందు నాటి అంబాసిడర్‌ను వింటేజ్ కోసమని కొనాలనుకునేవారు పాలిష్‌ను చూసే ముందు ఆర్‌సీ చూడాలి. ఇంధనం అన్నచోట డీజిల్ అని ఉన్నా, ఆర్‌సీలోని ఇంజన్ నంబరుకు బానెట్ కింద ఉన్న నంబరు సరిపోకపోయినా ఆ కారులో అసలు ఇంజన్ లేదన్నట్టే.