క్యాన్సర్ మీదికి వైరస్‌ని పంపితే ఒంట్లోని కాపలా ఏం చేస్తుంది?

నెల్లూరు నుంచి కీమో కోసం చెన్నై వచ్చిన మా మామయ్య అడయారు బస్టాపులో నా చేతికి ఫోనిచ్చారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో. "వైరస్ ఎక్కిస్తే గడ్డ కరిగిపోద్దంట కదబ్బయా, మనకెందుకు చెయ్యరు?"

కణంలోకి దూరి తన జన్యువుల్ని దించడం వైరస్‌కి పుట్టుకతో వచ్చిన విద్య. దానిలో మనక్కావలసిన జన్యువు పెట్టి పంపితే చాలని 1990ల్లో చాలామంది పరిశోధకులు ఆశపడ్డారు. బాగా వాడిన వాటిల్లో జలుబు తెచ్చే అడినోవైరస్ ఒకటి. చిక్కు అక్కడే వచ్చింది. చిన్నప్పుడు జలుబు చేయని వాళ్లెవరు? ఆ వైరస్‌ని ఒకసారి చూసిన ఒంట్లో యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. రక్తంలోకి ఎక్కించిన మందుని గడ్డ దాకా పోనివ్వవు. తప్పించుకున్న దాంట్లో చాలా భాగాన్ని కాలేయంలోని కణాలు మింగేస్తాయి. (మనం వేయించుకున్న కోవిషీల్డ్‌లో చింపాంజీ అడినోవైరస్‌ని వాడిందీ ఇందుకే. మన ఒంటికి దానితో పాత పరిచయం తక్కువ.)

అడ్డుకోవడంతో ఆగితే ఫరవాలేదు. 1999 సెప్టెంబరులో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ట్రయల్‌లో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడికి, కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి అడినోవైరస్ ఎక్కించారు. అతనిది క్యాన్సర్ కాదు, ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే పుట్టుజబ్బు. మందులతో, పథ్యంతో నెట్టుకొస్తున్నాడు. వైరస్ మీద రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా విరుచుకుపడింది. అవయవాలు దెబ్బతిని నాలుగు రోజులకే చనిపోయాడు. అదే రకం మందుతో కోతులు చనిపోయిన సంగతి అతను సంతకం పెట్టిన కాగితంలో లేదని తర్వాత తేలింది. అది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ దెబ్బకి జన్యుచికిత్స రంగమంతా తడబడింది. 2003లో చైనా ఒక అడినోవైరస్ మందుకి తల, మెడ క్యాన్సర్లలో అనుమతిచ్చింది గానీ, ఆలోచన మలుపు తిరిగింది 2015లో అమెరికా ఆమోదించిన ఇమ్లిజిక్‌తోనని నా అభిప్రాయం. పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌తో చేసిన మందు అది. తను దూరిన కణాన్ని టి-కణాలు (జబ్బుపడ్డ కణాల్ని వెతికి చంపే రక్షక కణాలు) గుర్తుపట్టకుండా ఆ వైరస్‌లోని ఒక జన్యువు దాచిపెడుతుంది. దాన్ని తీసేశారు. రక్షక కణాల్ని పిలిచే ప్రోటీన్ జన్యువుని చేర్చారు. అంటే, అన్నాళ్లూ ఏ కాపలా కంట పడకూడదనుకున్నారో దాన్నే కేకేసి పిలిచారు! సూది నేరుగా గడ్డలోకే. గడ్డ కణాలు పగిలినప్పుడు బయటపడే ముక్కల్ని చూసి టి-కణాలు క్యాన్సర్‌ని గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. 436 మందితో చేసిన ట్రయల్‌లో ఆరునెలలకు పైగా నిలిచిన మెరుగుదల 16.3 శాతం మందిలో కనిపించింది, పోల్చి చూసిన మందుతో 2.1 శాతమే. సూది వేయని గడ్డలు కూడా కొన్ని తగ్గాయి.

2023లో మన దేశంలో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అనే క్యాన్సర్ చికిత్సది ఇంకో దారి. రోగి టి-కణాల్ని బయటికి తీసి, అక్కడే వైరస్‌తో, క్యాన్సర్‌ని గుర్తుపట్టించే జన్యువు ఎక్కించి తిరిగి పంపుతారు. యాంటీబాడీలు వైరస్‌కి అడ్డుపడే బెడదే లేదు.

ఇమ్లిజిక్ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి, నెక్స్‌కార్ కొన్ని రక్త క్యాన్సర్లకి. మామయ్యది పెద్దపేగు. ఆ మాటే చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "సరే, ఆ యాంటీబాడీల సంగతి మళ్లీ చెప్పు" అన్నారు. మాధవరం బస్సు వచ్చేదాకా చెప్పాను.