మాస్టార్ల రెండో గ్రూపు

విశాఖలో ప్రభుత్వ టీచరు ఫోను తీస్తే వాట్సాప్‌లో రెండు రకాల గ్రూపులు కనిపిస్తాయి. ఒకటి మండలానిది. అందులో సర్క్యులర్ పడగానే కింద వరసగా 'నోటెడ్ సర్', 'ఓకే సర్'. రెండోది పదీ పదిహేను మందిది. 'ఓకే సర్' కొట్టిన వేలే రెండు నిమిషాలాగి ఇక్కడ 'ఇదేం ఖర్మ మేడమ్' అని కొడుతుంది.

ఈ రెండో గ్రూపు పుట్టుక తెలియాలంటే ఫోన్లు లేని కాలానికి వెళ్ళాలి. చుట్టుపక్కల బడుల వాళ్ళను ఒకచోట కలపాలని 1964-66 కొఠారి కమిషన్ స్కూల్ కాంప్లెక్సులు సూచించింది. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలు తెచ్చింది. కాగితం మీద అవన్నీ బోధన కోసమే. అసలు మాటలు మాత్రం మధ్యాహ్నం క్యారేజీలు విప్పాకే మొదలయ్యేవి. ఏకోపాధ్యాయ బడిలో రోజంతా పిల్లలతోనే గడిపే మనిషికి తన ఈడువాళ్ళతో గోడు చెప్పుకునే చోటు అదొక్కటే. అదీ కాకపోతే బస్సు. సిటీ నుంచి పద్మనాభం, ఆనందపురం వైపు పొద్దున్నే వెళ్ళే బస్సులో నాలుగు సీట్లు ఎప్పుడూ టీచరమ్మలవే. సంఘాలు లేవా అంటే ఉన్నాయి. కానీ డీఏ బకాయిల గురించి సంఘానికి చెప్పుకోగలం, నిద్ర పట్టట్లేదని చెప్పుకోలేం.

జియో 2016లో సరిగ్గా సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడే మొదలైంది. చవక డేటాతో పాటు ఆఫీసూ జేబులోకి వచ్చేసింది. రాత్రి తొమ్మిదికి అడిగిన వివరాలు పొద్దున్నకల్లా కావాలి.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. జీతాలు ఆగిన ప్రైవేటు టీచర్ల గ్రూపుల్లో ట్యూషన్ల కబుర్లు, బియ్యం ఎక్కడిస్తున్నారన్న కబుర్లు తిరిగాయి. బడులు తెరిచాక ప్రభుత్వ టీచర్లకు యాప్‌ల బెడద. భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. చాక్‌పీసు పట్టిన చేత్తోనే ఫోను పట్టుకుని మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడి, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తిన హెచ్.ఎం.ను నేను చూశాను. 2022 ఆగస్టులో ముఖ హాజరు వచ్చింది, అంటే యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవడం. సొంత ఫోను, సొంత డేటా, నిమిషం దాటితే సెలవు పోతుందన్న గుబులు. రెండో గ్రూపులు గట్టిపడింది ఆ రోజుల్లోనే అని నా లెక్క.

వాటికి రాయని కట్టుబాట్లున్నాయి. కొత్తవాళ్ళు రావాలంటే ఇద్దరైనా ఎరిగుండాలి. గుడ్ మార్నింగ్ పూలు వద్దు. మెసేజీలు వారానికి వాటంతటవే మాయమయ్యేలా పెట్టుకుంటారు. ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఒక భయం, స్క్రీన్‌షాట్ అంతకంటే పెద్ద భయం.

సర్కారు సాయమూ ఉంది. 2020 జులైలో కేంద్రం విద్యార్థులకు, టీచర్లకు మానసిక సాయం కోసం మనోదర్పణ్ పెట్టింది, 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ లైను 14416 వచ్చింది. కానీ 'చినవాల్తేరు పంపించాలి' అనే ఎగతాళి వింటూ పెరిగిన ఊరిది. అక్కడి మానసిక ఆసుపత్రి ఎందరికి నయం చేసినా ఆ పేరు చెబితే జనం ఇంకా గొంతు తగ్గిస్తారు. అందుకే ముందు గ్రూపు. అక్కడివాళ్ళెవరూ డాక్టర్లు కారు. ఒకరు ఫోను చేస్తారు, ఒకరు ఇన్విజిలేషన్ డ్యూటీ మార్చుకుంటారు, ఒకరు ఆ నంబరు పంపుతారు. నంబరు అందుకున్నావిడ డయల్ చేసిందో లేదో ఎవరూ అడగరు.

నేనెరిగిన ఒక గ్రూపు పేరు 'ఏడుంపావు బస్సు'. 2022లో జిల్లా మూడు ముక్కలైంది, ఆ తర్వాత బదిలీలొచ్చాయి. సగం మంది ఇప్పుడు అనకాపల్లి వైపు, ఇద్దరు పాడేరులో. ఆ బస్సెక్కే వాళ్ళు ఒక్కరూ లేరు. అయినా పొద్దున్న ఏడుంపావుకి ఎవరో ఒకరు 'సీటు దొరికిందా?' అని పెడుతూనే ఉన్నారు.