ఆశ కూడా మందులా పనిచేసే జబ్బు: పార్కిన్సన్స్ ట్రయల్స్ వెనక కథ

షుగర్‌కు వారానికోసారి తీసుకునే ఎక్సెనటైడ్ ఇంజెక్షన్, చేతులు వణికించి కదలికలను మందగింపజేసే పార్కిన్సన్స్ జబ్బును ముదరకుండా ఆపుతుందేమోనని చాలామంది ఎదురుచూశారు. 2025 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితంతో ఆ ఎదురుచూపు ముగిసింది. బ్రిటన్‌లోని ఆరు కేంద్రాల్లో 194 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు మందు, రెండో గుంపుకు ఉత్తుత్తి ఇంజెక్షన్ 96 వారాల పాటు ఇచ్చారు. చివర్లో చూస్తే రెండు గుంపుల మధ్య తేడా తేలలేదు. ఇదే మందు మీద లండన్‌లోని ఇదే బృందం సుమారు 60 మందితో చేసిన చిన్న ట్రయల్ 2017లో అదే పత్రికలో వచ్చింది. అందులో ఫలితం బాగుంది. అప్పటి వార్త వాట్సాప్ గ్రూపుల దాకా వెళ్లింది, ఇప్పటిది న్యూరాలజిస్టులను దాటి పెద్దగా బయటికి రాలేదు.

చిన్న ట్రయల్‌లో నెగ్గిన మందు పెద్ద ట్రయల్‌లో ఓడిపోవడం ఏ జబ్బులోనైనా జరుగుతుంది. పార్కిన్సన్స్‌లో మాత్రం అది అలవాటుగా మారింది. మన ఇళ్లలో ఈ జబ్బున్న పెద్దవాళ్లు వేసుకునే సిండోపా లాంటి మాత్రల్లో ఉండేది లెవోడోపా. మెదడులో తగ్గిపోయిన డోపమైన్ అనే రసాయనాన్ని అది భర్తీ చేస్తుంది, అంతే. డోపమైన్ తయారుచేసే నరకణాలు చచ్చిపోతూనే ఉంటాయి. ఆ చావును ఆపుతుందని తిరుగులేకుండా రుజువైన మందు ఇప్పటికీ ఒక్కటి లేదు. జబ్బు చిక్కులమారిది కాబట్టి అని సరిపెట్టుకోవచ్చు, అది నిజం కూడా. ఇంకో కారణం గురించి మాత్రం తక్కువ మాట్లాడతారు. ఈ జబ్బులో మందు పనిచేస్తోందో, పనిచేస్తోందన్న ఆశ పనిచేస్తోందో విడదీయడం మహా కష్టం.

ఈ చిక్కు ఎంత పాతదో చెప్పడానికి షార్కో కుర్చీ సరిపోతుంది. లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల లక్షణాలతో ఈ జబ్బును వర్ణించాడు. దానికి ఆయన పేరు పెట్టింది పారిస్ న్యూరాలజిస్ట్ షార్కో. రైళ్లలో, గుర్రబ్బగ్గీల్లో దూరప్రయాణం చేసి వచ్చాక కొన్నాళ్లు ఒళ్లు తేలిగ్గా ఉంటోందని రోగులు ఆయనకు చెప్పేవారు. దాంతో అలాగే కుదిపే కుర్చీ ఒకటి తయారుచేయించి వాళ్లను కూర్చోబెట్టాడు. పల్లెవెలుగు బస్సులో వెనక సీటు అనుకోండి. కూర్చున్నవాళ్లు బాగుందన్నారు, నిద్ర పట్టిందన్నారు. ఆ మాటను 2012లో షికాగోలోని రష్ విశ్వవిద్యాలయం వాళ్లు సరదాకి కాదు, పద్ధతి ప్రకారం పరీక్షించారు. 23 మందిలో కొందరిని కదిలే కుర్చీలో, మిగతావాళ్లను కదలని కుర్చీలో హాయైన శబ్దాలు వినిపిస్తూ రోజూ అరగంట కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి రెండు గుంపులకూ మెరుగైంది, ఇంచుమించు ఒకేలా. షార్కో రోగులు అబద్ధం చెప్పలేదు. మెరుగుదల కుర్చీ నుంచి రాలేదు, అంతే తేడా.

లెవోడోపా కథ మాత్రం పూర్తిగా వేరు. అది మొదలైంది మన సర్పగంధ వేరు దగ్గర. రక్తపోటుకు ఆ వేరు ఎలా పనిచేస్తుందో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచం దృష్టి దాని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ దాని నుంచి రిసర్పిన్ అనే మందును విడదీసింది. ఈ రిసర్పిన్ ఎక్కిస్తే కుందేళ్లు కదలకుండా పడిపోయేవి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ అలా పడున్న కుందేళ్లకు, మెదడులో డోపమైన్‌గా మారే డోపా ఇంజెక్షన్ ఇస్తే కాసేపటికే లేచి తిరిగాయి. కదలికకు డోపమైన్‌తో సంబంధం ఉందని అలా బయటపడింది. ఆ పరిశోధనకే ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్త, చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లు పరీక్షించి డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించాడు. మరుసటి ఏడాది బిర్క్‌మేయర్ అనే డాక్టరుతో కలిసి రోగులకు లెవోడోపా ఇంజెక్షన్లు ఇస్తే, మంచానికి అతుక్కుపోయినవాళ్లు కొంతసేపు లేచి నడిచారు.

ఆ తర్వాత కొన్నేళ్లు అయోమయమే. కొందరికి పనిచేసింది, కొందరికి లేదు, వాంతులు అందరికీ. చిక్కుముడి విప్పింది అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పనిచేసిన జార్జ్ కోట్జియాస్. తక్కువ డోసుతో మొదలుపెట్టి, వారాల తరబడి ఓపిగ్గా పెంచుతూ రోజుకు గ్రాముల లెక్కన నోటి ద్వారా ఇచ్చాడు. 1967లో ఆయన ప్రకటించిన 16 మందిలో 8 మంది బాగా కోలుకున్నారు. 1970లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. లెవోడోపా రక్తంలోనే డోపమైన్‌గా మారిపోకుండా కాపాడే కార్బిడోపాను 1970లలో జత చేశాక వాంతుల బెడద కూడా తగ్గింది.

నా ఉద్దేశంలో లెవోడోపా ఈ రంగానికి ఎంత మేలు చేసిందో, ఒక విషయంలో అంత చెడ్డ అలవాటు నేర్పింది. మంచం మీది మనిషి లేచి నడుస్తుంటే పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు ఎందుకనిపిస్తుంది? మందు పనిచేస్తే కళ్లకే కనిపిస్తుందన్న ధీమా డాక్టర్లలో, రోగుల్లో పాతుకుపోయింది. తర్వాత వచ్చినవేవీ లెవోడోపా అంత బలమైనవి కావు. ధీమా మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇక్కడ దూలగొండి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒంటికి తగిలితే దురదతో గంతులేయించే ఆ కాయ మన చేలగట్ల మీద అందరికీ తెలిసిందే. దాని గింజల్లో ఉండేది లెవోడోపానే. 1937లోనే మద్రాసు చేపాక్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి దాన్ని విడదీశారు, కోట్జియాస్ కంటే ముప్పై ఏళ్ల ముందు. అప్పటికి అది దేనికి పనికొస్తుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగులకు ఈ గింజల పొడినీ, మామూలు మాత్రనూ వేర్వేరు రోజుల్లో ఇచ్చి పోల్చారు. 30 గ్రాముల పొడి త్వరగా పనిచేసింది, కాస్త ఎక్కువసేపు నిలిచింది. ఇది చూపించి ఆన్‌లైన్‌లో పొడి డబ్బాలు అమ్మేవాళ్లు ఉన్నారు. ఆయుర్వేదం కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవని చెబుతారు. ఆ మాట తప్పు. లోపలుండేది అదే లెవోడోపా. పైగా ఏ డబ్బాలో ఎంత ఉందో తెలియదు. సిండోపా వేసుకుంటూ డాక్టరుకు చెప్పకుండా ఇదీ తాగితే డోసు ఎక్కువై చేతులూ మెడా వాటంతటవే మెలికలు తిరగడం మొదలవ్వొచ్చు.

సరే, జబ్బును ఆపే మందు వేట సంగతి. 1987లో అమెరికా, కెనడాల్లో విటమిన్ ఇ, సెలెగిలిన్ అనే మందులను పరీక్షించడానికి 800 మందితో డేటాటాప్ అనే పెద్ద ట్రయల్ మొదలైంది. విటమిన్ ఇ వల్ల ఏమీ కాలేదు. సెలెగిలిన్ తీసుకున్నవాళ్లకు లెవోడోపా అవసరం ఆలస్యంగా వచ్చింది. జబ్బు ఆగిందని సంబరపడేలోపే ఒక ప్రశ్న ఎదురైంది: సెలెగిలిన్ కూడా లక్షణాలను కొద్దిగా తగ్గిస్తుంది కదా, మనం చూస్తున్నది ఊరటా, నిజంగా ఆగడమా? తేల్చలేకపోయారు. అదే గొడవ రసాజిలిన్ అనే మందుతో మళ్లీ వచ్చింది. 2009లో వెలువడిన ట్రయల్‌లో 1,176 మంది పాల్గొంటే ఒక మిల్లీగ్రాము డోసు పనిచేసినట్టు, రెండు మిల్లీగ్రాములు పనిచేయనట్టు తేలింది. జబ్బును ఆపే మందుగా దాన్ని ఒప్పుకోవడానికి అమెరికా నిపుణుల కమిటీ నిరాకరించింది. కొలిచే సాధనంలోనే లోపం ఉంది. షుగర్‌కు రక్తపరీక్ష ఉన్నట్టు పార్కిన్సన్స్ వేగాన్ని కొలిచే పరీక్ష లేదు. వేళ్లు ఆడించమని, లేచి నడవమని చెప్పి డాక్టరు మార్కులు వేస్తారు. నిద్ర పట్టినా, మనసు బాగున్నా ఆ మార్కులు మారతాయి.

ఈ సంగతి అందరికంటే గట్టిగా తెలిసొచ్చింది సర్జరీ చేసినవాళ్లకు. గర్భస్థ పిండాల నుంచి తీసిన డోపమైన్ కణాలను మెదడులో నాటడం 1987లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైంది. కొందరు రోగులు బాగా కోలుకున్నారు. అమెరికాలో కర్ట్ ఫ్రీడ్, స్టాన్లీ ఫాన్ బృందం దీన్ని 40 మందితో పరీక్షించింది. వాళ్లలో సగం మందికి పుర్రెకు రంధ్రాలు మాత్రమే పెట్టి, కణాలు నాటకుండా పంపేశారు. ఎవరికి ఏం జరిగిందో రోగికి తెలియదు. ఉత్తుత్తి మాత్ర వేరు, ఉత్తుత్తికి పుర్రెకు రంధ్రం పెట్టడం వేరు. ఇది అన్యాయమని పెద్ద చర్చే జరిగింది. 2001లో ఫలితం వచ్చాక వాదన తిరగబడింది. తమకు ఎంత మెరుగైందో రోగులే వేసుకున్న అంచనాలో రెండు గుంపులకూ తేడా లేదు. పైగా కణాలు నాటినవాళ్లలో 15 శాతం మందికి ఆపలేని మెలికలు మొదలయ్యాయి. ఈ రోగుల్లో కొందరిని విడిగా ప్రశ్నించి 2004లో రాసిన వ్యాసం నన్ను ఇంకా ఎక్కువ ఆశ్చర్యపరిచింది. నిజంగా కణాలు పడ్డాయా లేదా అన్నదాని కంటే, తనకు పడ్డాయని రోగి నమ్మాడా లేదా అన్నదాన్ని బట్టే జీవితం మెరుగైనట్టు తేలింది.

నరకణాలను కాపాడుతుందని ఆశపడ్డ జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ కథ దీనికి తమ్ముడు లాంటిది. 2003లో బ్రిస్టల్‌లో ఐదుగురికి మెదడులోకి నేరుగా ఎక్కిస్తే అందరూ కోలుకున్నారు. 34 మందిని రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే 2004లో తేడా కనబడలేదు. తయారుచేసే కంపెనీ మందు ఆపేసింది. మాకు పనిచేస్తోంది, ఆపొద్దంటూ రోగులు కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 2019లో బ్రిస్టల్‌లోనే 35 మందితో మళ్లీ చేస్తే మళ్లీ అదే జవాబు.

రోగులు ఊహించుకుంటున్నారని తీసిపారేయడానికి లేదు. 2001లోనే వాంకూవర్ శాస్త్రవేత్తలు రోగులకు మందని చెప్పి ఉప్పునీళ్లు ఎక్కించి మెదడు స్కాన్ తీశారు. వాళ్ల మెదళ్లలో డోపమైన్ నిజంగానే విడుదలైంది. ఈ జబ్బులో ఏ రసాయనం తక్కువో, మంచి జరుగుతుందని ఎదురుచూసినప్పుడు మెదడు విడుదల చేసేది కూడా అదే. 2015లో సిన్సినాటిలో 12 మందికి ఒకే ఉప్పునీటిని రెండుసార్లు ఇచ్చారు, ఒకటి 100 డాలర్ల మందని, ఇంకొకటి 1,500 డాలర్ల మందని చెప్పి. ఖరీదైన ఉప్పునీళ్లే బాగా పనిచేశాయి. లక్షలు పోసి చేయించుకున్న చికిత్స తర్వాత 'మా నాన్నకు తేడా కనిపిస్తోంది' అని చెప్పే కుటుంబం మాటను ఎలా చూడాలో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది. తేడా నిజమే కావచ్చు. ఎన్నాళ్లు ఉంటుంది, దేనివల్ల వచ్చింది అన్నవి వేరే ప్రశ్నలు.

మన దగ్గర స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల పేరుతో వ్యాపారం నడిచేది సరిగ్గా ఈ సందులోనే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మిగతా వేటికీ స్టెమ్ సెల్స్‌ను అనుమతి ఉన్న ట్రయల్ బయట వాడకూడదు. పార్కిన్సన్స్‌కు అయితే అది ట్రయలే అయ్యుండాలి. ట్రయల్ అయితే 2009 జూన్ నుంచి దేశంలోని ట్రయల్స్ వివరాలుండే సీటీఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర లక్షలు అడుగుతున్నారంటే అనుమానించాల్సిందే.

ఇంకోవైపు ట్రయల్ అన్న మాట వింటేనే మనవాళ్లకు భయం. దానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన ప్రాజెక్టు కింద గిరిజన ఆశ్రమ హాస్టళ్ల అమ్మాయిలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు. ఆ సమయంలో జరిగిన కొందరు అమ్మాయిల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటరీ కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. పరిహారం, ఆడియో వీడియో రికార్డింగుతో అనుమతి లాంటి నిబంధనలు ఆ తర్వాతి ఏళ్లలోనే వచ్చాయి. 2019 నాటి కొత్త నియమాల్లోనూ అవి కొనసాగాయి.

కణాలు నాటే ఆలోచన ఇప్పుడు మళ్లీ బతికింది. ఈసారి పిండాల అవసరం లేకుండా, ల్యాబ్‌లో పెంచిన కణాలతో. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో రెండు ఫలితాలు ఒకేసారి వచ్చాయి. క్యోటోలో ఏడుగురికి, అమెరికా, కెనడాల్లో 12 మందికి నాటారు. పెద్ద ప్రమాదాలు జరగలేదు, కొందరికి కదలికలు మెరుగయ్యాయి. ఈ రెండింటిలోనూ పోల్చడానికి ఉత్తుత్తి సర్జరీ గుంపు లేదు. 2003 నాటి బ్రిస్టల్ ఐదుగురు గుర్తున్నవాళ్లు ఇంకా చప్పట్లు కొట్టడం లేదు. అమెరికా బృందం తన మూడో దశ ట్రయల్‌లో ఉత్తుత్తి సర్జరీ గుంపును పెట్టింది, అసలు జవాబు అక్కడి నుంచే రావాలి.

మందుల వైపు మారింది ట్రయల్ పద్ధతే. ఒక్కో మందుకు ఒక్కో ట్రయల్, ఒక్కో ఉత్తుత్తి గుంపు పెట్టుకుంటూ పోతే దశాబ్దాలు పడుతుందని బ్రిటన్‌లో యాక్ట్-పీడీ అనే ట్రయల్ మొదలుపెట్టారు. లక్ష్యం 1,600 మంది. అనేక మందులకు కలిపి ఒకటే ఉత్తుత్తి గుంపు. పనిచేయని మందును మధ్యలోనే తీసేసి ఇంకోదాన్ని చేరుస్తారు. మొదట ఎంచుకున్న రెండింటిలో ఒకటి ప్రొస్టేట్ వాపుకు ఇచ్చే టెరజోసిన్. రెండోది టెల్మిసార్టాన్, మన ఇళ్లలో పొద్దున్నే బీపీకి వేసుకునే మాత్ర. బీపీకి ఎలాగూ వాడుతున్నాం కదా అని పార్కిన్సన్స్ కోసం డోసు పెంచుకోవడం మాత్రం వద్దు. ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.