పదహారు ట్యూబులు, నాలుగు రెట్టింపులు

“పరీక్షించాకే కదండీ రక్తం ఎక్కిస్తారు, మరి దాని ద్వారా హెచ్‌ఐవీ ఎలా వస్తుంది?” అని ఒక పాఠకురాలు అడిగారు.

మన దేశంలో దాతలిచ్చిన ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. కానీ మామూలు హెచ్‌ఐవీ పరీక్ష ప్రధానంగా వెతికేది యాంటీబాడీల్ని, అంటే వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లని. అవి తగినన్ని తయారవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఈలోగా రక్తమిస్తే రిపోర్టు నెగటివే, సంచిలో మాత్రం వైరస్ ఉంటుంది. ఇదే విండో పీరియడ్. “ఎలాగూ ఉచితంగా టెస్టు అవుతుంది కదా” అని, తమకు సోకిందేమోనన్న అనుమానంతో రక్తమిచ్చేవాళ్లు సరిగ్గా ఈ మూడు వారాల్లోనే వస్తారు!

నాట్ (న్యూక్లియిక్ యాసిడ్ టెస్ట్) పరీక్ష నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే పడుతుంది. హెచ్‌ఐవీకి విండో వారం పది రోజులకు కుదించుకుపోతుంది. అయితే ఖరీదెక్కువ, మన దగ్గర దేశమంతటా తప్పనిసరీ కాదు. అందుకే చాలాచోట్ల నమూనాలు కలిపి ఒకే పరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తేనే విడివిడిగా చూస్తారు. 1999లో అమెరికా మొదలుపెట్టింది కూడా 16, 24 చొప్పున కలిపే.

నాకు భలే ఇష్టమైన లెక్క ఇక్కడుంది. ఒక ఇంటి పులుసులో ఉప్పుందో లేదో పదహారిళ్ల పులుసు కలిపిన గంగాళంలో చూస్తే ఏం తెలుస్తుంది? వైరస్ పదహారో వంతుకు పలచబడుతుంది. పట్టుబడాలంటే దాత ఒంట్లో అది పదహారు రెట్లు పెరగాలి, అంటే నాలుగుసార్లు రెట్టింపవ్వాలి. హెపటైటిస్ సి దాదాపు 11 గంటలకోసారి రెట్టింపవుతుంది, కాబట్టి వైరస్‌ని పట్టుకోవడంలో మనం పోగొట్టుకునేది రెండు రోజుల్లోపే. హెచ్‌ఐవీకి 20 గంటలు, నష్టం మూడు రోజుల పైచిలుకు. హెపటైటిస్ బి నిదానస్తురాలు, రెట్టింపుకి రెండున్నర రోజులు. అంటే పది రోజులు గాలిలో కలిసినట్టే! ఆరు నమూనాలే కలిపితే రెట్టింపులు రెండున్నర చాలు, నష్టం ఆరున్నర రోజులకు దిగుతుంది.

మన దేశంలో హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ బి ఉన్నవాళ్లే చాలా ఎక్కువ. పైగా కొందరిలో అది ఏళ్ల తరబడి అతి తక్కువ మోతాదులో దాక్కుంటుంది. వైరస్ పైపొర ప్రొటీన్‌ని వెతికే మామూలు పరీక్షకు (ఉపరితల యాంటిజెన్ పరీక్ష) దొరకదు. అది పెరిగే రకం కాదు కాబట్టి, ఎన్ని రోజులు ఆగినా కలిపిన ట్యూబులో తేలకపోవచ్చు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి కొత్త దాత రక్తం ఎక్కించుకునే తలసేమియా (వంశపారంపర్య రక్తహీనత) పిల్లల విషయంలోనైనా ట్యూబుకొక పరీక్ష ఉండాలనడం నాకు దుబారాగా అనిపించదు.

విడిగా చేసినా, సోకిన తొలి కొద్ది రోజులు వైరస్ ఏ యంత్రానికీ చిక్కదు. అక్కడ పనికొచ్చేది జబ్బులు, లైంగిక సంబంధాల గురించి అడిగే, దాత నింపే ఫారమే. “మనవాళ్ల రక్తమే మంచిది” అంటూ బంధువుల్ని లాక్కొచ్చి కూర్చోబెడతారు, బావమరిది పక్కనుండగా ఆ ప్రశ్నలకు నిజం ఎవరు రాస్తారు?